ఖాళీగా వచ్చే బుట్ట

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, కొండముచ్చులు, నక్కలు ఉండేవి. ఎండలు ముదిరాక ఇప్పపూలు రాలేవి. వాటిని కడుపునిండా తిన్న ఎలుగుబంట్లు ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవి. అవి సుఖంగానే ఉన్నాయి కాబట్టి వాటి సంగతి మనకు అక్కర్లేదు.

అడవి అంచున, రాతిగోడ లోపల, ఇంకొన్ని జంతువులు ఉండేవి. అవి సుఖపడి అక్కడికి వచ్చినవి కావు. లారీ గుద్దిన కుక్కలు, రెక్క విరిగిన గద్ద, ఇటుకబట్టీలో కాలు పోగొట్టుకున్న ముసలి గాడిద, ఎవరూ వద్దనుకున్న పిల్లులు. దెబ్బతిన్న జంతువులకు నీడనిచ్చే చోటు అది. గేటు మీది బోర్డులో ఏదో పెద్ద పేరు రాసి ఉండేది. జంతువులకు చదువు రాదు కాబట్టి అవి దాన్ని దొడ్డి అనేవి.

దొడ్డిని చూసుకునే ఆవిడ పొద్దున, సాయంత్రం గరిటెతో గిన్నె మీద టంగుటంగున కొట్టేది. ఆ చప్పుడు వినగానే అందరికీ ఆకలి వేసేది. ఆవిడ అసలు పేరు జంతువులకు తెలియదు. గిన్నెలమ్మ అనేవి.

దొడ్డిలో అందరికంటే పాతకాపు సాంబ్రాణి అనే పిల్లి. దాని ఒళ్లు పొగరంగు. ఎడమ చెవి కొస చిరిగిపోయి ఉండేది. దాని తర్వాత ఎన్నో పిల్లులు వచ్చాయి, వెళ్లాయి. సాంబ్రాణి మాత్రం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఎవరైనా అడిగితే అది మీసం దువ్వుకుని ఒకటే మాట చెప్పేది.

"నాకు తెలివి ఉంది కాబట్టి."

వరండాలో ఒక కొక్కేనికి వెదురుబుట్ట వేలాడేది. దానికి మూత ఉండేది. మూతకు తాడు ఉండేది. లోపల పాత చీరముక్క పరిచి ఉండేది. అప్పుడప్పుడు ఎవరో మనుషులు వచ్చి పిల్లుల్ని చూసి వెళ్లేవారు. ఆ మర్నాడు గిన్నెలమ్మ బుట్ట దించేది. ఒక పిల్లిని అందులో పెట్టి, మూత వేసి, తాడు కట్టేది. బుట్ట గేటు దాటి వెళ్లిపోయేది.

పొద్దు వాలేలోపు బుట్ట తిరిగి వచ్చేది. ఎప్పుడు వచ్చినా ఖాళీగానే వచ్చేది.

అప్పుడు పిల్లులన్నీ వరండా కింద చేరేవి.  సాంబ్రాణి ఒక్కటే మెల్లగా మెట్లెక్కి, బుట్టలో తల పెట్టి, చీరముక్కను వాసన చూసేది. చాలాసేపు చూసేది. పిల్లికి కళ్లకంటే ముక్కు మీద నమ్మకం ఎక్కువ. ముక్కు అబద్ధం చెప్పదని వాటి నమ్మకం.

"ఏముంది పెద్దమ్మా?" అని కింద నుంచి ఎవరో ఒకరు అడిగేవారు.

"భయం," అనేది సాంబ్రాణి. "చెమటపట్టిన పాదాల వాసన. తడిపిన గుడ్డ వాసన. పాపం, చివరిదాకా వణికిపోయింది."

 ఆ రాత్రి ఏదీ సరిగ్గా నిద్రపోయేది కాదు.

సాంబ్రాణి చెడ్డది కాదు. అది నిజంగానే భయపడేది. చిన్నప్పుడు దాన్ని ఎవరో గోనెసంచిలో వేసి, మూతి బిగించి, ఈ గేటు దగ్గర పడేసి పోయారు. ఆ సంచిలోని చీకటి దానికి ఇంకా గుర్తుంది. అందులోకి వెళ్లేముందు దానికి ఒక అమ్మ ఉంది, ఒక వంటిల్లు ఉంది. బయటికి వచ్చేసరికి ఏదీ లేదు. అందుకే మూత ఉన్నది ఏది కనిపించినా దాని గుండె ఝల్లుమనేది. తన భయం తన దగ్గరే ఉంచుకుంటే సరిపోయేది. కానీ అది దాన్ని చదువు అనుకుంది. చదువు అనుకున్నాక నలుగురికీ చెప్పకుండా ఎవరు ఉండగలరు?

రోజూ సాయంత్రం తిండి అయ్యాక అది బట్టలుతికే బండ ఎక్కి కూర్చునేది. కొత్తగా వచ్చిన పిల్లులు చుట్టూ చేరేవి.

"బాగా వినండి," అనేది. "మనిషి పిలిస్తే పలకొద్దు. చెయ్యి పట్టని సందు చూసుకుని దూరండి. ప్రాణం పోయినా బుట్ట ఎక్కొద్దు."

పిల్లులు ఆ మూడు మాటలూ వల్లె వేసేవి. గోడ అవతల ఎండుటాకులు అప్పుడప్పుడు గలగలమనేవి. గాలి అనుకునేవి.

ఒకసారి చారలోడు అనే గండుపిల్లి వంతు వచ్చింది. వాడు నీళ్లతొట్టి వెనక దాక్కున్నాడు, గిన్నెలమ్మ చెయ్యి రక్కాడు, గుర్రుమన్నాడు, చివరికి దొరికిపోయాడు. "పెద్దమ్మా," అని బుట్టలోంచి అరిచిన అరుపు గేటు దాటేదాకా వినిపించింది. బుట్ట ఖాళీగా వచ్చింది. చీరముక్క తడిసి ఉంది. సాంబ్రాణి వాసన చూసి, ఆ రోజు ఏమీ చెప్పకుండానే మెట్లు దిగింది. అది చూసి మిగతా పిల్లులు ఇంకా బెదిరిపోయాయి.

కొన్నాళ్లకు ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది.

"మీ చారలోడిని ఊళ్లో చూశాను," అంది. "ఒక ముసలమ్మ డాబా మీద వడియాలకు కాపలా కాస్తున్నాడు. ఒక్క వడియం ముక్కున కరుచుకుందామంటే మీదికి దూకాడు. బాగా ఒళ్లు చేశాడు కూడా."

పిల్లులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. సాంబ్రాణికి చిర్రెత్తుకొచ్చింది.

"కాకి మాట వినకండి," అంది. "మనమందరం పోతే మన గిన్నెల్లో అన్నం దానికి మిగులుతుంది. అందుకని కబుర్లు చెబుతోంది. నేను నా ముక్కుతో చూశాను. అది పక్షి. దానికి ముక్కు ఉన్నా వాసన ఏం తెలుస్తుంది?"

కాకి రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది. నిజం చెబితే తిట్లు పడ్డాయని దానికి కోపం వచ్చింది.

అటుపక్క గడ్డి నములుతున్న ముసలి గాడిద తల ఎత్తింది. గాడిద అంటే తెలివితక్కువదని మనకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. చెప్పినవాళ్లు ఈ గాడిదను చూడలేదు.

"సాంబ్రాణీ, ఒక్క మాట," అంది గాడిద. "నేను బతుకంతా ఇటుకలు మోశాను. ఇటుక అంటే నాకు తెలిసింది బరువే. ఆ ఇటుకలు ఎవరింటి గోడలయ్యాయో, ఆ గోడల మధ్య ఎవరు చల్లగా పడుకున్నారో నేను చూడలేదు. నీ బుట్ట కూడా అంతే కదమ్మా. అందులో ఉన్న వాసన దారిది. చేరిన చోటు వాసన కాదు."

"మామా, నువ్వు పెద్దవాడివి, నీకు ఎదురు చెప్పను," అంది సాంబ్రాణి. "కానీ బుట్ట ఎక్కేది నువ్వు కాదు."

గాడిద మళ్లీ గడ్డిలో తల పెట్టింది.

ఆ వానాకాలంలో మినుము వచ్చింది. అది నల్లటి పిల్లికూన. మినపగింజంత ఉందని గిన్నెలమ్మ దానికి ఆ పేరు పెట్టింది. దానికి తల్లి లేదు. మొదటి రాత్రే అది వెళ్లి సాంబ్రాణి పొట్ట కింద దూరింది. సాంబ్రాణి ముందు విసుక్కుంది. తర్వాత దాని నెత్తి నాకింది. ఆ తర్వాత రెండూ విడిగా పడుకున్నది లేదు. ఎన్నో పిల్లులకు పాఠాలు చెప్పిన సాంబ్రాణి మనసు ఈ ఒక్క కూన దగ్గర చిక్కుకుపోయింది. ప్రాణం పెట్టుకోవడమంటే అదే.

మినుము మిగతావాటికంటే చురుకైనది. మూడు మాటలూ ఒక్కసారికే నేర్చుకుంది.

"మనిషి పిలిస్తే పలకను. చెయ్యి పట్టని సందులో దూరతాను. ప్రాణం పోయినా బుట్ట ఎక్కను. సరిగ్గా చెప్పానా పెద్దమ్మా?"

"నా బంగారం," అంది సాంబ్రాణి.

ఒకరోజు మినుము తుమ్మచెట్టు కింద ఆడుతుంటే ముందు కాలిలో ముల్లు దిగింది. దిగిన ముల్లు లోపలే విరిగింది. రెండోనాటికి కాలు వాచింది. మూడోనాటికి అది గిన్నె చప్పుడుకు కూడా లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది. సాంబ్రాణి రోజంతా ఆ కాలు నాకుతూ కూర్చుంది. నాకితే తగ్గుతుందని దాని ఆశ. తగ్గలేదు.

గిన్నెలమ్మ వచ్చి వంగి చూసింది. కాలు ముట్టుకుంటే మినుము కీచుమంది. "అయ్యో తల్లీ, ఇంత చీము పట్టిందా," అంటూ ఆవిడ గబగబా వరండా వైపు నడిచింది. కొక్కెం మీద నుంచి బుట్ట దించింది.

బుట్టను చూడగానే సాంబ్రాణి లేచి నిలబడింది. ఈసారి మినుము వంతు.

"పారిపో," అంది.

మినుము మూడు కాళ్ల మీద కుంటుకుంటూ పరిగెత్తింది. గోడ అడుగున వాననీరు పోయే తూము ఉంది. పెద్దపిల్లులు కష్టం మీద గానీ పట్టని తూము అది. మినుము అందులో దూరి అవతలికి, అడవిలోకి పోయింది. గిన్నెలమ్మ పరిగెత్తుకొచ్చేసరికి తూములో తోక కూడా కనిపించలేదు.

పిల్లులన్నీ సాంబ్రాణి వైపు చూశాయి. దాని గుండె ఇంకా దడదడా కొట్టుకుంటూనే ఉంది. అయినా తల ఎత్తి అంది. "చూశారా. చదువంటే అది."

గిన్నెలమ్మ గిన్నె, గరిటె, బుట్ట పట్టుకుని అడవిలోకి వెళ్లింది. మధ్యాహ్నం దాకా టంగుటంగుమని దూరంగా వినిపిస్తూనే ఉంది. మినుము రాలేదు. పొద్దు పడమటికి తిరిగింది. మినుము రాలేదు. సాంబ్రాణి తూము ముందు కూర్చుంది. గర్వం ఎప్పుడు జారిపోయిందో దానికి తెలియదు.  అన్నం గిన్నె వైపు కూడా చూడలేదు.

కాకి వచ్చి గోడ మీద వాలింది. కోపం ఉన్నా వచ్చింది.

"నా మాట నువ్వు నమ్మవు," అంది. "అయినా చెబుతున్నాను. వాగు ఒడ్డున రెండు బండల మధ్య సందు ఉంది. నీ కూన అందులో ఉంది. నక్క దాన్ని చూసింది."

సాంబ్రాణి ఎన్నడూ అడవి మొహం చూడలేదు. గోడ అవతల ఏ చెట్టు ఎక్కడుందో కూడా దానికి తెలియదు. ఒక్కసారి వెనక్కి తిరిగి బట్టలుతికే బండ వైపు చూసింది. తర్వాత తూములో తల పెట్టింది. రాళ్లు ఒరుసుకుని భుజాల మీద బొచ్చు లేచిపోయింది. అయినా ఆగలేదు.

అడవిలో వెలుగు తగ్గుతోంది. తడి ఆకుల మీద అడుగు వేస్తే చప్పుడయ్యేది. ఆగితే ఇంకెవరిదో అడుగు వినిపించేది. ఒక కొమ్మ విరిగితే సాంబ్రాణి నేలకు అంటుకుపోయింది. వెనక్కి పోదామనిపించింది. పోలేదు. కాకి చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ దారి చూపించింది. సాంబ్రాణి దాన్ని మొదటిసారి నమ్మింది. నమ్మక చేసేదేముంది?

బండల ముందు నక్క తీరిగ్గా కూర్చుని ఉంది. ముందుకాళ్లు చాచి, నాలుక వేలాడేసి, పెళ్లిభోజనానికి వచ్చినట్టు కూర్చుంది.

"రా పెద్దమ్మా," అంది నక్క. "నీకోసమే చూస్తున్నాను."

సాంబ్రాణి వీపు మీద బొచ్చంతా నిక్కబొడుచుకుంది. "నేను నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి? రోజూ సాయంత్రం గోడ అవతల కూర్చుని నీ పాఠాలు విన్నాను. మనిషి పిలిస్తే పలకొద్దు. చెయ్యి పట్టని సందులో దూరండి. ప్రాణం పోయినా బుట్ట ఎక్కొద్దు. నాకు నోటికి వచ్చేశాయి. పొద్దున ఆ మనిషి ఇక్కడే నిలబడి పిలిచింది. నీ కూన పలకలేదు. చెయ్యి పెట్టి తడిమింది, అందలేదు. లోపల లేదనుకుని వెళ్లిపోయింది. ఎంత చక్కగా నేర్పావు."

సాంబ్రాణి బండల వైపు అడుగు వేసింది.

"నాకు తొందర లేదు," అంది నక్క. "జ్వరం ముదిరితే అదే బయట పడుతుంది. లేకపోతే లోపలే పడుతుంది. అప్పుడు నేను కాలితో లాక్కుంటాను. నువ్వు ముసలిదానివి, నీ మాంసం నాకు వద్దు. ఇంటికి పో."

సాంబ్రాణి నక్కను తప్పించుకుని, బండ మీదికి దూకి, సందులోకి తొంగి చూసింది. లోపల రెండు పచ్చటి చుక్కలు కనిపించాయి.

"మినుమూ, నేనమ్మా."

"పెద్దమ్మా, బుట్ట పోయిందా?" అంది లోపలి నుంచి సన్నటి గొంతు.

"బయటికి రా. నాతో రా."

"నడవలేను. ఒళ్లంతా మంట. కానీ పలకలేదు పెద్దమ్మా. ఎంత పిలిచినా పలకలేదు. సరిగ్గా చేశానా?"

 సాంబ్రాణి సందులోకి తల దూర్చింది. మెడ పట్టి లాగుదామంటే అందలేదు. అందినా ఇంత దూరం మోసుకుపోయే బలం దానికి లేదు. వెనక నక్క నవ్వుతోంది.

అంతలో చెట్ల వెనక నుంచి టంగుమని చప్పుడు వినిపించింది. గిన్నెలమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది. చప్పుడు దగ్గరికి రావడం లేదు. వాగు అవతలి వైపు పోతోంది.

మనిషి పిలిస్తే పలకకూడదు. ఆ మాట సాంబ్రాణి ఎన్ని వందలసార్లు చెప్పిందో. అది బండ మీద నిలబడి, గొంతు చించుకుని అరిచింది. ఆగకుండా అరిచింది. చప్పుడు ఆగింది. తర్వాత ఇటు తిరిగింది.

గిన్నెలమ్మ పొదలు తప్పించుకుంటూ వచ్చింది. ఆవిడ చీరంతా పల్లేరుకాయలు. చేతిలో బుట్ట ఉంది. ఆవిడను చూసి నక్క పొదలోకి జరిగింది. పోలేదు. దాని కళ్లు పొదలోంచి కనిపిస్తూనే ఉన్నాయి.

గిన్నెలమ్మ సందులో చెయ్యి పెట్టింది. భుజం దాకా పెట్టింది. మినుము ఇంకా లోపలికి జరిగింది. "రావే తల్లీ, చీకటి పడుతోంది," అని బతిమాలింది. పలుకు లేదు. చివరికి ఆవిడ బుట్టను సందు ముందు పెట్టి, మూత తెరిచి, తను నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చుంది. ఆవిడకు ఇంకేం చెయ్యాలో తోచలేదు.

"పెద్దమ్మా, బుట్ట," అంది మినుము లోపలి నుంచి.  "ప్రాణం పోయినా ఎక్కొద్దన్నావుగా. నేను ఎక్కను. నువ్వు భయపడకు."

సాంబ్రాణి బుట్ట వైపు చూసింది. లోపల చీకటిగా ఉంది. గోనెసంచిలో ఉన్నంత చీకటి. పొద వైపు చూసింది. నక్క రెప్ప వెయ్యడం లేదు. సాంబ్రాణికి పారిపోవాలనిపించింది. తూము దాకా, దొడ్డి దాకా, బట్టలుతికే బండ దాకా పరిగెత్తాలనిపించింది. ఎప్పుడూ అలాగే చేసింది. అందుకే ఇన్నాళ్లు బతికాననుకుంది.

ఈసారి పారిపోతే తను బతుకుతుంది. మినుము బతకదు. మాటలతో చెబితే అది ఇప్పుడు నమ్మదు. నమ్మకూడదని తనే నేర్పింది.

"మినుమూ, ఇటు చూడు," అంది. "నేను చెప్పింది మర్చిపో. నేను చేసేది చూడు."

సాంబ్రాణి ఒక కాలు బుట్టలో పెట్టింది.  రెండో కాలు పెట్టింది. చీరముక్కలో చారలోడి భయం, అంతకుముందు వెళ్లినవాటి భయం, ఇంకా అడుగున ఎవరెవరివో పాత భయాలు ఒక్కసారిగా ముక్కులోకి కొట్టాయి. ఉతికినా పోని వాసనలు అవి.  అయినా లోపలికి వెళ్లింది. వెళ్లి, గుండ్రంగా చుట్టుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. చచ్చిపోతానేమో అనుకుంది. చావలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత రాళ్ల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడైంది. వేడిగా ఉన్న చిన్న ఒళ్లు ఒకటి సాంబ్రాణి పొట్ట కింద దూరింది. మూత పడింది.

దారి పొడవునా సాంబ్రాణి వణుకుతూనే ఉంది. కానీ వణుకుతున్నట్టు కూనకు తెలియకుండా దాని నెత్తి నాకుతూ కూర్చుంది. బుట్ట ఊగింది, బండి చప్పుడైంది, ఊరి వాసనలు వచ్చాయి. మూత తెరుచుకునేసరికి తెల్లటి లైటు వెలుగుతున్న గదిలో ఉన్నారు. డాక్టరు మినుము కాలిలోంచి ముల్లు తీశాడు. కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్రాణానికి భయం లేదు," అన్నాడు. "కానీ రెండు వేళ్లు తీసెయ్యాలి. పొద్దున్నే తెచ్చి ఉంటే కాలు బాగుపడేది."

"పొద్దున్నే బయల్దేరానండీ," అంది గిన్నెలమ్మ. "బుట్టను చూసి పారిపోయింది. మా దగ్గర పిల్లులన్నీ అంతే. ఈ బుట్ట అంటే ఎందుకంత భయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

ఎందుకో తెలిసిన పిల్లి బల్ల కింద కూర్చుని ఉంది. అది తల దించుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఆవిడ ఒళ్లో చారల పిల్లి ఉంది. నున్నగా, దిండులా ఉంది. అది సాంబ్రాణిని చూసి ఒక్క దూకు దూకింది.

"పెద్దమ్మా, నువ్వూ వచ్చేశావా? ఇన్నాళ్లకా?"

సాంబ్రాణి దాన్ని వాసన చూసింది. పాలు, ఎండ, మినపపిండి. భయం ఎక్కడా లేదు.

"చారలోడా," అంది మెల్లగా. "నీ బుట్ట నేను వాసన చూశాను. చచ్చిపోయావనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాడు చారలోడు. "నువ్వు చెప్పావుగా. దారంతా నీ మాటలే గుర్తొచ్చాయి. గుడ్డ తడిపేశాను. బుట్ట తెరిచేసరికి వంటింట్లో ఉన్నాను. నా ముందు పాలు పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడూ భయపడలేదు. ఎవరిని చూసి భయపడాలి, కాకినా?"

వాడు నవ్వాడు. సాంబ్రాణి నవ్వలేదు. ఇన్నేళ్లూ బుట్టలో తను వాసన చూసిన భయం బయటి లోకానిది కాదు. అది బట్టలుతికే బండ మీద కూర్చుని తనే పోసిన భయం. వెళ్లిన ప్రతి పిల్లీ దాన్ని మోసుకుపోయి, బుట్టలో వదిలేసి, సుఖంగా దిగిపోయింది. తను మళ్లీ దాన్నే వాసన చూసి, చూశారా అని నలుగురికీ చెప్పింది. సాంబ్రాణికి సిగ్గు వేసింది. భయం కంటే సిగ్గే ఎక్కువ నొప్పి పెట్టింది.

మర్నాడు బుట్ట దొడ్డికి తిరిగి వచ్చింది. పిల్లులన్నీ వరండా కింద చేరాయి. మూత తీస్తే, మొదటిసారి, ఖాళీగా లేదు. సాంబ్రాణి దిగింది. కట్టు కట్టిన కాలితో మినుము దిగింది.

"ఏముంది పెద్దమ్మా అక్కడ?" అని పిల్లులు అడిగాయి.

"నాకు తెలియని సంగతి మీకు చెప్పాను," అంది సాంబ్రాణి. "అంతకుముందు నేను ఆ గేటు దాటి చూడలేదు. చారలోడు బతికే ఉన్నాడు. కాకి చెప్పింది నిజం. మినుము కాలి వేళ్లు పోయింది నా వల్లే."

ఆ సాయంత్రం అది బట్టలుతికే బండ ఎక్కలేదు. గాడిద పక్కన గడ్డిలో కూర్చుంది. గాడిద ఒక్క దెప్పు మాట కూడా అనలేదు. కాకికి మాత్రం ఆ రోజు నుంచి సాంబ్రాణి గిన్నెలో నాలుగు మెతుకులు మిగిలేవి.

మినుము కుంటుతూనే పెరిగింది. చలికాలంలో చిన్నపాపను వెంటబెట్టుకుని ఒక టైలరు వచ్చాడు. ఆయనకూ ఒక కాలు పొట్టి. మినుము నడకను చూసి పాప, "నాన్నా, ఇది నీలాగే నడుస్తుంది," అంది. టైలరు నవ్వాడు. మర్నాడు గిన్నెలమ్మ బుట్ట దించింది.

బుట్టను నేల మీద పెట్టగానే సాంబ్రాణి ముందుగా వెళ్లి అందులో పడుకుంది. చీరముక్క అన్ని వైపులా తన బుగ్గలు రుద్దింది. పొట్ట ఆనించి చాలాసేపు పడుకుంది. గుడ్డ వెచ్చబడ్డాక లేచి బయటికి వచ్చింది.

"ఇప్పుడు ఎక్కు," అంది.

"నువ్వు రావా పెద్దమ్మా?"

"నా వాసన వస్తుంది. చాలు."

మినుము ఎక్కింది. మూత పడింది. బుట్ట గేటు దాటింది. లోపలి నుంచి ఒక్క అరుపు కూడా వినిపించలేదు. సాంబ్రాణి గేటు వైపు చూస్తూ కూర్చుంది. తనను పెంచుకుంటామని అడిగిన మనుషులు కూడా ఎప్పుడో ఉండేవారు. అప్పుడు తను నీళ్లతొట్టి వెనక దాక్కుంది. ఇప్పుడు ముసలిపిల్లిని ఎవరూ అడగడం లేదు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

పొద్దు వాలేలోపు బుట్ట ఖాళీగా తిరిగి వచ్చింది. పిల్లులన్నీ వరండా కింద నిలబడ్డాయి. సాంబ్రాణి మెట్లెక్కి, బుట్టలో తల పెట్టి, చీరముక్కను వాసన చూసింది.

"ఏముంది పెద్దమ్మా?"

"నిద్ర," అంది సాంబ్రాణి. "దారంతా నిద్రపోయింది."

ఆ తర్వాత దొడ్డి నుంచి ఏ పిల్లి వెళ్లినా, ముందు సాంబ్రాణి బుట్టెక్కి గుడ్డ వెచ్చబరిచేది. బండ మీద పాఠాలు లేవు కాబట్టి గోడ అవతల ఎండుటాకుల చప్పుడు కూడా ఆగిపోయింది.

నీతి: మనం చూడని చోటి గురించి పిల్లలకు భయం నూరిపోయకూడదు, మనం నూరిపోసిన భయమే తిరిగి వచ్చి మనకు నిజంలా కనిపిస్తుంది.